గుండిగలో దుంగ

నాగేశ్వరరావుకు ఏ కర్ర కనబడినా నానబెట్టాలి, ఉడకబెట్టాలి, ఆ నీళ్ళు రుచి చూడాలి. అదీ ఆయన జబ్బు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈయన ఆ ఉలిపికట్టెను కూడా ఏరుకొచ్చి నాలుగు గంటలు ఉడికించే రకం.

థర్మల్ స్టేషన్లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మేడమీద వాటా, హాల్లో మూడడుగుల అక్వేరియం, అందులో పదకొండు గప్పీ చేపలు. ఆ పదకొండింటి సుఖం కోసం, వరద తీసి బ్యారేజీ గేట్లు మూయగానే స్కూటరేసుకుని సీతానగరం వైపు ఇసుకలోకి వెళ్ళేవాడు. కొట్టుకొచ్చిన వేళ్ళూ దుంగలూ గోటితో గీకి చూసేవాడు. గోరు దిగితే పుచ్చు, పారెయ్యడమే. గట్టిదాన్ని ఇంటికి తెచ్చి, కొబ్బరిపీచుతో తోమి, డాబా మీద పాత నూనె డబ్బాలో ఉడికించి, బాత్రూం టబ్బులో నానేసేవాడు. వగరంతా దిగి, నీట మునిగితేనే అది అక్వేరియంలోకి వెళ్ళేది. తేలకుండా దాని మీద భార్య రాజ్యలక్ష్మి పొత్రం పెట్టేవాడు.

"పచ్చడి రుబ్బాలి, నా పొత్రం ఏదండీ?"

"దుంగ మీదుంది. దానికింకా మునగడం రాలేదు."

"నేను మునిగితే గానీ మీ కళ్ళు చల్లబడవు."

రోజూ పొద్దున్నే టబ్బులోంచి చెంచాడు నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకా వగరు దిగలేదు" అని నీళ్ళు మార్చేవాడు. కొత్తగా పెళ్ళయిన మేనల్లుణ్ణి చూసినా అదే మాట. "మంచివాడే, ఇంకా వగరు దిగలేదు."

ఒకసారి నూనె డబ్బాకు చిల్లి పడితే దుంగను వంటింటి గిన్నెలో ఉడికించి, నీళ్ళు గట్టు మీద చల్లారబెట్టాడు. ఆ పూట రాజ్యలక్ష్మి తమ్ముడు సురేష్ భోజనానికొచ్చాడు. అక్క చేతి ఉలవచారంటే ఇటు గన్నవరం నుంచి అటు తెనాలి దాకా చుట్టాల్లో పేరు. పక్కనే ఇత్తడి గుండిగలో అసలుది ఉండగా, సురేష్ ఎర్రగా కనబడిన గిన్నెలోది అన్నంలో పోసుకుని, మీగడ వేసుకుని, రెండు వాయలు లాగించాడు.

"పులుపు కాస్త తగ్గింది గానీ బావుందక్కా!"

సంగతి తెలిసి వాడు బాత్రూంలోకి పరిగెత్తాడు. నాగేశ్వరరావు వెనకాలే వెళ్ళి, "వగరు తగిలిందా?" అని అడిగాడు.

"లేదు బావగారూ, లేదు!"

"అయితే దుంగ తయారైంది" అని సాయంత్రానికల్లా దాన్ని చేపల తొట్టిలో దించేశాడు.

ఆ తరవాత రాజ్యలక్ష్మికి జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ, పోతూ పోతూ నాలుకనూ ముక్కునూ పట్టుకుపోయింది. ఏం తిన్నా చేదే. మల్లెపూలకు వాసన లేదు, ఇంగువకూ లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే తన చేతికున్న పేరు గంగలో కలుస్తుందని భయం. చేతి అలవాటు మీదే వండుతూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఈయన జబ్బు ముదిరింది. ఎవరైనా భోజనానికొచ్చి మొదటి ముద్ద దగ్గర ఆగితే చాలు, "తప్పు నాదండీ, పొద్దున ఆ గుండిగలో దుంగ ఉడికించాను" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయన్ని తిట్టేవాళ్ళు, పెరుగు పోసుకుని లేచేవాళ్ళు. అందరికంటే ఎక్కువ తిట్టింది రాజ్యలక్ష్మి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, నాలుక మీద కోపమంతా దుంగ మీద తీర్చుకుంది. రెండేళ్ళపాటు ఆ ఇంట్లో నోరు చేదు, మాట అంతకంటే చేదు.

"నా పేరు మట్టిలో కలపడానికే ఏరుకొస్తున్నారు ఆ శవాల్ని!"

ఆయన తొట్టి వైపు తిరిగి చేపలకు మేత వేసేవాడు.

మంగళగిరిలో రాజ్యలక్ష్మి చెల్లెలు శాంభవి ఇల్లు కట్టుకుంది. ఆదివారం గృహప్రవేశం. మిగతా వంటలు వంటవాళ్ళవి, ఉలవచారు మాత్రం నాదేనని రాజ్యలక్ష్మి పట్టుబట్టింది. ఈసారి దుంగకు చోటివ్వదలుచుకోలేదు. బుధవారమే గుండిగతో సహా మంగళగిరి వెళ్ళి, దాన్ని చెల్లెలి స్టోర్‌రూంలో పెట్టి, తాళం వేసి, చెవి కొంగున కట్టుకుంది. ఆదివారం పొద్దున తనే తీసి, తనే కాచింది.

విస్తళ్ళు పరిచారు. మొదటి వరసలో శాంభవి మామగారు రామకోటేశ్వరరావు. ఉలవచారు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పెట్టుకుని, మింగలేక ఉమ్మలేక ఆగిపోయారు. పక్కవాళ్ళూ ఆగారు.

"అమ్మా రాజ్యలక్ష్మీ, ఉప్పు... ఈ మాడు వాసన..." అని ఆయన అంటుండగానే చివరి వరసలో నాగేశ్వరరావు లేచి నిలబడ్డాడు.

"ఆగండి! అందరూ క్షమించాలి. తప్పు నాది. నిన్న మధ్యాహ్నం ఆ గుండిగలో చింతవేరు ఉడికించాను."

అందరూ గొల్లుమన్నారు. "నీ దుంగలు ఇక్కడికీ వచ్చాయా నాగేశ్వరరావూ!" అని మామగారు పెరుగు కోసం కేకేశారు.

రాజ్యలక్ష్మి చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది. చెవి అక్కడే ఉంది. నిన్న మధ్యాహ్నం గుండిగ తాళం లోపలుంది, ఈయన విజయవాడలో ఉన్నాడు. రెండేళ్ళలో గుండిగలో దుంగను తను కళ్ళతో చూసింది ఎన్నిసార్లు? ఒక్కసారీ లేదు.

"అదేంటక్కా, గుండిగ మన..." అని శాంభవి నోరు తెరిచింది.

రాజ్యలక్ష్మి చెల్లెలి కాలు గట్టిగా తొక్కి, "మిమ్మల్నీ మీ దుంగల్నీ కృష్ణలో కలపా!" అని మొగుడి మీద అరిచింది. అంత ప్రేమగా ఎప్పుడూ తిట్టలేదు.

తిరుగు ప్రయాణంలో, ఆటోలో గుండిగను ఇద్దరి మధ్యా పెట్టుకుని అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"జ్వరం తగ్గిన మూడో రోజు నుంచి. కాఫీలో ఉప్పేశావు."

"తాగారుగా!"

"వేడిగా ఉంది."

"చెప్పి చావచ్చుగా?"

"చెబితే వంట మానేస్తావు. మానేసి ఏం చేస్తావు, నాలాగా దుంగలేరతావా?"

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. వారధి దాటేదాకా ఇటు తిప్పలేదు.

పై ఆదివారం సురేష్ వస్తానన్నాడు. రాజ్యలక్ష్మి ఉలవచారు పొయ్యి మీద పెట్టి, మొగుణ్ణి వంటింట్లోకి పిలిచి, చెంచా చేతికిచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"ఇంకా వగరు దిగలేదు."

"ఉలవచారులో వగరేంటండీ, తిన్నగా చెప్పండి."

"ఉప్పు సరిపోయింది. పులుపు మరికాస్త పడాలి. మంట తగ్గించు, అడుగంటబోతోంది."

సురేష్ మొదటి ముద్ద భయపడుతూ తిన్నాడు, రెండోది ఆబగా తిన్నాడు.

"అక్కా, అచ్చం పాత రుచి! బావగారి దుంగ వగరు తగల్లేదేంటివాళ?"

"వగరు దిగిందిరా" అంది రాజ్యలక్ష్మి, మొగుడి విస్తట్లో ఇంకో గరిటెడు పోస్తూ.