సగం బిల్లు బిర్యానీకి నేనిచ్చిన సర్టిఫికెట్

ఒక ప్రభుత్వ పథకాన్ని అది పుట్టకముందే ఒక్క పూట బిర్యానీతో పాతిపెట్టిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. చూడాలనుంటే గోదావరిఖని రండి, నేనే. పోనీ ఆ పథకానికి నేను శత్రువునా అంటే, అదీ కాదు. దానికి తల్లి, తండ్రి, మేనమామ, పురుడు పోసిన మంత్రసాని, అన్నీ నేనే. జరిగింది చదివి మీరు నవ్వినా నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు నవ్వి నవ్వి అలసిపోయింది, ఇక బయటి ఊళ్ల వంతు.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ని. కరోనా వచ్చి కాలేజీ మూతపడింది. ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. పిల్లల్లో సగం మంది పాఠం వింటూ నిద్రపోయేవారు, మిగతా సగం మంది నెట్‌వర్క్ లేదని చెప్పి నిద్రపోయేవారు. వినేవాళ్లు లేని పంతులంత ప్రమాదం లోకంలో ఇంకొకటి లేదు. వాడు ఊరిని బాగు చేయడానికి బయలుదేరుతాడు.

లాక్‌డౌన్ ఎత్తేసి, హోటళ్లు తెరుచుకోవచ్చని చెప్పిన రోజులవి. చౌరస్తా దగ్గర యాకూబ్ భాయ్ హోటల్ ఉంది. మామూలు కాలంలో షిఫ్టు దిగిన గని కార్మికులతో అక్కడ కుర్చీ దొరికేది కాదు. ఒకాయన తింటుంటే ఇంకొకాయన వెనక నిలబడి, ఆ పళ్లెం వైపు పెళ్లిచూపులు చూసినట్టు చూసేవాడు. ఇప్పుడు డ్యూటీ దిగినవాళ్లు షేర్ ఆటో ఎక్కి నేరుగా ఇళ్లకే పోతున్నారు. హోటల్లో వంటమనిషి సొంతూరు వెళ్లి తిరిగి రాలేదు. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లా పడుకున్నాయి.

"ఎట్లుంది భాయ్?" అనడిగాను ఒకరోజు.

"ఎట్లుంటది సార్. పొద్దుగాల తెరుస్తున్న, ఈగలు గూడ మాస్కు కట్టుకొని దూరంకెల్లి పోతున్నయ్. ఇంకో నెల చూస్త. గిట్లనే ఉంటె సామానంత అమ్ముకుంట. మా బామ్మర్దికి ఆటో ఉన్నది, ఒక పూట నేను నడుపుత."

ఆ మాట అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి, తింటున్న సమోసా సగంలోనే పక్కన పెట్టేశాను. ఆ హోటల్లో చాయ తాగుతూ చదువుకుని, చాయ తాగుతూ ఉద్యోగం వెతుక్కున్నవాణ్ని. ఏదో ఒకటి చేయాలనుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఏదో ఒకటి చేసేశాను.

ఆ రాత్రే ఫోన్లో ఒక వార్త కనబడింది. సముద్రాల అవతల ఒక దేశంలో జనం హోటల్లో కూర్చుని తింటే సగం బిల్లు ప్రభుత్వమే కట్టిందట. చదవగానే నాలోని ఆర్థికవేత్త లేచి కూర్చున్నాడు. వెంటనే సుజాతకు ఫోన్ చేశాను. సుజాత నా భార్య, మా మేనత్త కూతురు, దవాఖానలో నర్సు. కరోనా వార్డులో డ్యూటీ పడటంతో వాళ్లకిచ్చిన క్వార్టర్లోనే ఉంటోంది.

"సుజాత, ఊరు బాగుపడే ఉపాయం దొరికింది."

"నువ్వు అన్నం తిన్నవా బావ?"

అన్నం సంగతి పక్కన పెట్టి ఉపాయమంతా వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"సర్కారు పైసలియ్యనీ, మంచిదే. యాకూబ్ భాయ్ బతకాలె. గాని ఆడ కూసోని తినుడెందుకు? పార్సిల్‌కు ఇస్తె ఏమైతది?"

"పార్సిల్ పట్టుకపోతె జనంల ధైర్యమెట్ల వస్తది? నలుగురు తింటుంటె చూసి ఇంకో నలుగురు రావాలె. గదే ఎకనామిక్స్."

"మాస్కు పెట్టుకొని తింటరా?"

"తినేటప్పుడు తీస్తరు."

"అది గప్పుడే అంటుకుంటది బావ."

"నువ్వు వార్డుల ఉండి ఉండి అన్నిట్ల రోగమే చూస్తున్నవ్."

"మరి నువ్వు బయట ఉండి ఏం చూస్తున్నవ్?"

"ఆర్థిక వ్యవస్థను."

"పేషెంటుకు డ్రిప్ అయిపోయింది, మల్ల చేస్త," అని పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో ఈ మాట నమ్మేవాణ్ని. తర్వాత తెలిసింది, నేను ఎకనామిక్స్ ఎత్తుకున్నప్పుడల్లా ఎవరికో ఒకరికి డ్రిప్ అయిపోతుందని.

మర్నాటి నుంచి, మా ఊళ్లోనూ సగం బిల్లు ప్రభుత్వమే కట్టాలన్న దరఖాస్తు పట్టుకుని హోటల్ హోటల్‌కూ తిరిగి సంతకాలు పెట్టించాను. ఎక్కడికి వెళ్లినా "చాయ తాగు సార్" అనేవారు. తాగేవాణ్ని. చాయ తాగాలంటే మాస్కు తీయాలి కదా. తీసినవాణ్ని మళ్లీ పెట్టుకునేవాణ్ని కాదు. జనానికి ధైర్యం చెప్పడానికి పోయినవాడు మూతికి గుడ్డ కట్టుకుంటే ఏం బాగుంటుంది? ఇంత ధైర్యంగా తిరిగిన మనిషిని ఏ వైరస్ మాత్రం వదిలిపెడుతుంది, మీరే చెప్పండి.

దరఖాస్తు చూసిన ఆఫీసరుగారిది వేరే జిల్లా. నెమ్మదస్తుడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆలోచన బాగానే ఉందండి. కానీ భయంగా కూడా ఉంది. ముందు ఒక పూట, ఒక్క హోటల్లో, కొద్దిమందితో చూద్దాం. జాగ్రత్తలు గమనించడానికి దవాఖాన నుంచి ఒకరిని రమ్మంటాను. సజావుగా జరిగితే పైకి రాస్తాను," అన్నారు.

దవాఖాన వాళ్లు పంపింది ఎవరినో వేరే చెప్పక్కరలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని పెద్దలంటారు. నా పథకానికి ఆ శని భార్య రూపంలో వస్తోందని అప్పుడు అనుకున్నాను. శని నిజంగా అల్లుడి నోట్లోనే ఉందని తర్వాత గదా తెలిసింది.

ముందురోజు నుంచే ఒళ్లు కొంచెం నొప్పిగా ఉంది. తిరిగి తిరిగి అలసిపోయాననుకున్నాను. నేను వండుకున్న పప్పు గడ్డి తిన్నట్టు ఉంది. కానీ నా పప్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి అనుమానం రాలేదు. వంట రానివాడికి ఈ రోగం వస్తే కనిపెట్టడం చాలా కష్టం.

ఇక ఆ రోజు. వంటమనిషి లేడు గనుక యాకూబ్ భాయ్, ఆయన భార్య నసీమ్ భాభీ ఇద్దరూ కలిసి వండారు. ముక్కుకు, మూతికి గట్టిగా మాస్కులు కట్టుకున్నారు. వండేటప్పుడు ఎవరూ మాస్కు తీసి రుచి చూడొద్దని సుజాత ముందే చెప్పింది. ఇద్దరూ ఆమె మాట జవదాటలేదు. భాభీ తన పని చేసి, "నమక్ డాల్దీ," అన్నది, అంటే ఉప్పేశాను అని. మాస్కులోంచి అది యాకూబ్ భాయ్ చెవికి "నమక్ డాల్దో" అని చేరింది, అంటే ఉప్పెయ్యి అని. పెళ్లాం మాట కాదనే అలవాటు లేని మనిషి. ధారాళంగా వేశాడు.

బల్లలు దూరం దూరంగా వేశారు. ఆఫీసరుగారు, కొందరు హోటళ్ల వాళ్లు, షిఫ్టు దిగి వచ్చిన కొందరు కార్మికులు కూర్చున్నారు. యాకూబ్ భాయ్ తన పెళ్లినాటి అత్తరు బయటికి తీసి దండిగా పూసుకున్నాడు. నేను లేచి మాస్కు తీసి, డబ్బు మనిషి చేతిలో ఆగితే ఎట్లా, తిరిగితే ఎట్లా అని ఉపన్యాసం ఇచ్చాను. పళ్లేలు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

"ముందుగాల సార్ తినాలె," అన్నాడు పోశం కాక. ఆయన గనిలో పాత కార్మికుడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు.

నేను పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తలాడించాను. "అద్భుతం భాయ్. ఉప్పు, కారం ఎంత ఉండాల్నో గంతనే ఉన్నయ్."

ఆ సర్టిఫికెట్ నమ్మి అందరూ మాస్కులు తీసి మొదలుపెట్టారు.

తర్వాత గదిలో ఒక వింత నిశ్శబ్దం వచ్చింది. తిండి బాగుండి మాటలు ఆగాయనుకున్నాను. అసలు సంగతి చాలా రోజుల తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఈ ప్రాంతం వాళ్లు ఉప్పు ఇట్లాగే తింటారేమోనని ఆఫీసరుగారు మర్యాదగా మింగారట. ఆఫీసరుగారే మాట్లాడకుండా తింటుంటే మనం వంక పెడితే ఏం బాగుంటుందని కార్మికులు మింగారట. మర్యాద వల్ల ఇంత ఉప్పు ఒకేసారి మనుషుల కడుపుల్లోకి పోవడం మా ఊళ్లో అదే మొదలు.

కానీ నీళ్ల దగ్గర మర్యాద నిలవలేదు. ఈ బల్ల నుంచి "నీళ్లు" అన్నారు. ఆ బల్ల నుంచి "ఇటు గూడ" అన్నారు. జగ్గులు తిరుగుతున్నాయి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. నేను ఉప్పు తిని నీళ్లు అడగకుండానే దొరికిపోయాను. రెండో పళ్లెం మధ్యలో ఉండగా సుజాత వచ్చి నా బల్లకు కొంచెం దూరంలో నిలబడింది.

"నీళ్లు తాగవా బావ?"

"దూప అయితలేదు."

"ఉప్పెట్లున్నది?"

"చెప్పిన గద, సరిపోయింది. ఇంకింత పడ్డా ఏం కాదు."

ఆమె పోశం కాక వైపు తిరిగింది. "కాకా, నీకెట్లుంది?"

పోశం కాక గ్లాసు కింద పెట్టాడు. "గనిల చెమట పోతది, ఉప్పు తినాలె అంటరు బిడ్డా. గాని గీ ఉప్పు షిఫ్టు మొత్తానికి పంచొచ్చు. సార్ మంచిగుందన్నడని ఊకున్నం."

సుజాత ఆఫీసరుగారి వైపు చూసింది. ఆయన, "కొంచెం... ఉందండి," అన్నారు, మూడో గ్లాసు అందుకుంటూ.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. వీళ్లంతా కలిసి నా పథకం మీద కుట్ర చేస్తున్నారని నా అనుమానం. సుజాత యాకూబ్ భాయ్ దగ్గర అత్తరు సీసా అడిగి తీసుకుని, మూత తీసి నా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"ఇది ఏం వాసన, చెప్పు."

సీసా ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాను. "ఏం వాసన లేదు. నీళ్లా?"

యాకూబ్ భాయ్ మెల్లగా అన్నాడు, "సార్, మీరు రోడ్డు దాటంగనే రావాలె నా అత్తరు వాసన."

అప్పుడు కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. ఆర్థిక వ్యవస్థను కదిలిస్తానని బయలుదేరాను, అది కదలలేదు గాని కుర్చీలు మాత్రం బాగా కదిలాయి. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. సుజాత చేతితొడుగు వేసుకుని ఒక కొత్త మాస్కు తెచ్చి నా ముఖానికి తానే కట్టింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. ముడి విప్పి, మళ్లీ ఇంకా గట్టిగా కట్టింది. వార్డులో ఏం చూస్తోందో నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ముడిలో కొంత తెలిసింది.

"ఇగ లే బావ, పోదాం," అన్నది.

వెళ్తూ వెనక్కి చూశాను. యాకూబ్ భాయ్ పొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. భాభీ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ హోటల్‌ను నిలబెట్టాలని బయలుదేరి చివరి తలుపు నేనే మూశానని అనిపించింది. ఎంత రుచి తెలియని నోటికైనా ఆ చేదు తెలిసింది.

పరీక్షలో నాకు కరోనా అని తేలింది. ఆ పూట అక్కడున్న వాళ్లంతా ఇళ్లల్లో విడిగా ఉండాల్సి వచ్చింది. నాకు జ్వరం, దగ్గు వచ్చి పోయాయి. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది మిగతావాళ్ల సంగతి ఏమవుతుందోనన్న భయం. రోజూ సుజాతను అడిగేవాణ్ని. దేవుడి దయవల్ల యాకూబ్ భాయ్‌కీ, భాభీకీ, పోశం కాకకూ ఏమీ లేదు. ఒకరిద్దరికి వచ్చి తేలిగ్గా పోయింది. ఆ ఒకరిద్దరిలో ఆఫీసరుగారు ఒకరు.

ఆయన ఇంటి నుంచే ఫోన్ చేశారు. నేను క్షమించమని అడగబోతే, "ఉండండి," అన్నారు. "ఆ బిర్యానీని మీరెందుకు అంత మెచ్చుకున్నారో ఇప్పుడు అర్థమవుతోంది. నిన్నటి నుంచి నా చేతి వంట కూడా నాకు బాగానే ఉంది."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కూర్చుని తినే సంగతి కొట్టేస్తున్నానండి. కానీ నాలాగా ఇళ్లల్లో ఉండిపోయిన రోగులకు అన్నం పంపాలి. వండి పంపే హోటళ్లు కావాలి. బిల్లు మొత్తం మేమే కడతాం. పార్సిల్ అయితే ఎవరికీ ప్రమాదం ఉండదు కదా, ఏమంటారు?"

"అనేదేముంది సార్. గీ మాట మా ఇంట్లావిడ ఎప్పుడో అన్నది."

"అయితే దరఖాస్తు ఆమెతో రాయించాల్సిందండి," అన్నారాయన.

ప్రభుత్వం హోటళ్లకు డబ్బివ్వడం మంచిదా కాదా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ఇవ్వడం మంచిదే. మనుషులను ఒక గదిలో మాస్కులు తీయించి కూర్చోబెట్టి ఇవ్వడమే మంచిది కాదు. ఎంత పెద్ద చదువు చదివినా ఇంతకంటే ఎక్కువ నాకు తెలియదు. ఈ మాత్రం తెలియడానికి కూడా ఆక్సిజన్ చూసే మిషన్ వేలికి తగిలించుకుని పడుకోవాల్సి వచ్చింది.

యాకూబ్ భాయ్‌కి ఆ పని దొరికింది. మొదటి రోజు పార్సిళ్లు పంచుతూ మా గేటు దగ్గరకూ వచ్చాడు. గోడ మీద పొట్లం పెట్టి, రోడ్డు దాకా వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేను తలుపు దగ్గర నుంచే చేతులు జోడించాను.

"భాయ్, నన్ను మాఫ్ చెయ్."

"మాఫీ ఏంది సార్, గట్లనొద్దు," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన కృతజ్ఞతే ఉంది. "మీ దయవల్ల దుకాణం నడుస్తున్నది. మీరు గా రోజు ఇంకో రెండు బల్లల దగ్గర నిలబడి మాట్లాడి ఉంటె, పార్సిళ్లు ఇంకిన్ని పెరిగి ఈపాటికి రెండో పొయ్యి గూడ వెలిగించేటోణ్ని."

కాబట్టి, మహాజనులారా, నా నాలుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పథకాన్నీ గుడ్డిగా సమర్థించను. సమర్థించక తప్పని పరిస్థితే వస్తే, ముందు ఒక పచ్చి కాకరకాయ ముక్క నమిలి, చేదు తగిలాకే మైకు పట్టుకుంటాను.