పూనకం రాని ఏడు

పెళ్లయిన కొత్తలోనే, ఏన్కూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో, ముత్యాలమ్మ పండుగనాడు నాకు పూనకం వచ్చింది. అప్పటినుంచి ఏటా వచ్చేది. డప్పులు మోగగానే అరికాళ్లలో మంట పుట్టేది. పళ్లు బిగుసుకునేవి. జుట్టు విరబోసుకుని ఊగేదాన్ని. జనం వానల గురించి, రోగాల గురించి అడిగితే నా నోరు ఏదో చెప్పేది. ఒళ్లు హూనమయ్యేది గానీ ఆ దారి నాకు తెలిసినదే.

మా ఆయన మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అక్కడి క్వార్టర్లలో పక్కింటి టీచరమ్మ దగ్గర కళ్లు మూసుకుని ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాను. డప్పు లేదు, మంత్రం లేదు, పిలిస్తే పలికే అమ్మ లేదు. గుండె దడదడలాడి మధ్యలోనే లేచి వచ్చేసేదాన్ని. మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని. ఎందుకో నాకే తెలిసేది కాదు.

ఆ ఏడు అత్తగారి ఊరి పండుగలో మేకపోతు తల తెగి, వేడి నెత్తురు నా పాదాల మీద చిమ్మింది. నాకేమీ కాలేదు. డప్పులు చెవులు పగిలేలా మోగించారు. పూనకం రాలేదు.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, నా మీదికి వచ్చాడు. ఆ వేసవిలో ఆయన బర్రెలు వరసగా చచ్చిపోయాయి. కారణం అమ్మ నోటితోనే వినాలని కాచుకుని ఉన్నాడు.

"అమ్మ ఎందుకొస్తలేదే? మణుగూరుల కండ్లు మూసుకొని ఏం చేస్తున్నవ్? ఎవల్ని తెచ్చిపెట్టుకున్నవ్ లోపల?"

"ఎవల్లేరు బావా. రాకపోతే నేనేం జెయ్యాలె?"

వేపమండలతో కొట్టారు. మొహం గీరుకుపోయింది. అడ్డం వచ్చిన మా ఆయనను నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు. అంతలో బావగారు డప్పుల ముందు ఆడేవాడి చేతిలోంచి కొరడా లాక్కున్నాడు. మొదటి దెబ్బకే జాకెట్టు చిరిగి వీపు చిట్లింది. కాస్త ఊగితే చాలు, ఆపేస్తారు. ఎలా ఊగాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ ఒళ్లు కదలలేదు.

మరో దెబ్బ మెడకు చుట్టుకుంది. కొరడాను రెండు చేతులా పట్టి గుంజాను. ఆయన మేకపోతు నెత్తుటి మడుగులో జారి పడ్డాడు. కొరడా తిప్పి ఆయన మొహం మీద కొట్టాను. పెదవి చీలిపోయింది.

"వచ్చింది! అమ్మ వచ్చింది!" జనమంతా మోకాళ్ల మీద పడ్డారు. కింద పడ్డ బావగారు కూడా చేతులు జోడించాడు.

అప్పుడు భయం వేసింది. కొరడా పారేశాను.

"అమ్మ గాదు. కొట్టింది నేనే. నాకు కోపమొచ్చింది."

డప్పులు ఆగిపోయాయి. ఎవరూ నా వైపు చూడలేదు. మా ఆయన తువ్వాలు కప్పి, బండి మీద దవాఖానాకు తీసుకుపోయాడు.

మరుసటి ఏడు మమ్మల్ని పండుగకు పిలవలేదు. బావగారు ఇప్పటికీ మాట్లాడడు. అత్తమ్మ మాత్రం ఒకసారి మణుగూరు వచ్చి, నా వీపు మీది చారలు తడిమి చూసింది.

"అమ్మ రాకపోతే నీకు భయం, బుగులు అయితలేదా?"

"అయితాంది అత్తమ్మా."

నేను కళ్లు మూసుకుని కూర్చునే చాప మీద, తనూ నా పక్కన కూర్చుంది.