అమ్మ తోమిన పేరు

మోటార్లు బాగుచేసే పెద్దాయనకి మతి చలించిందంటున్నారు గానీ, అదేం కాదు. కొట్లో ఉన్న ఆ పాత దుమ్ము పీల్చే మిషను ఎవరు తయారుచేశారో కనుక్కోవాలని ఆయన తపన, అంతే. వాళ్లమ్మ లాడ్జిలో పాతికేళ్లు దాంతోనే గదులు శుభ్రం చేసింది. పొడుగాటి తొండం ఉందని దాన్ని "నా ఏనుగు" అనేది. దానికున్న ఇత్తడి రేకు మీద అసలు పేరు అరిగిపోయింది. ఆయన భూతద్దం పెట్టి చూసేవాడు, వేలితో తడిమేవాడు, కనబడ్డ ముసలివాళ్లనల్లా అడిగేవాడు. మొన్న అమ్మతో పనిచేసిన పిన్ని వచ్చి పకపకా నవ్వింది.

"పేరెక్కడుంటుందిరా పిచ్చోడా? మీ అమ్మ రోజూ ఇటుకపొడేసి తళతళా తోమేది కదా!"

ఆయన భూతద్దం పక్కన పెట్టి, చొక్కా కొసతో ఆ రేకునే మెల్లగా తుడవసాగాడు. అప్పట్నించీ ఎవర్నీ అడగడం లేదు. మీ ఇంట్లో అలాంటి మిషనుంటే మాత్రం, పేరు చదివి, ఓసారి కొట్టుకెళ్లి ఆయనకి చెప్పి రండి.