కాబుకీలో రమణ కేక

ఆ అక్టోబరులో నన్ను అమెరికాలో, డాలస్ పక్కనున్న ప్లేనో ఆఫీసుకి ఆన్‌సైట్ కోఆర్డినేటర్‌గా వేశారు. క్లయింటుకీ ఇండియాలోని టీముకీ మధ్య నిలబడి ఇరువైపుల తిట్లూ స్వీకరించే హోదా అది. ముప్ఫై ఆరో ఏట అందులోంచి రిటైరయ్యాను; ఆ నిర్ణయంలో కంపెనీ కూడా చొరవ చూపింది.

క్లయింటు జపాన్ సంస్థ. మా కాంట్రాక్టు రెన్యువల్ సోమవారం తేలాలి. తేడా వస్తే నాకూ, టీమ్ లీడ్ రమణకూ ఉద్యోగాలతో పాటు వీసాలూ పోతాయి. సంతకం చేయాల్సింది మోరిగారు. వాళ్ల 'బుచో', అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద.

శుక్రవారం సాయంత్రం ఆయన మమ్మల్ని ఇజకాయాకి పిలిచారు. చిన్న చిన్న ప్లేట్లలో తింటూ, తాగుతూ కూర్చునే చోటు. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోకూడదు, పక్కవాళ్లకు పోయాలి. చాలనుకుంటే నిండు గ్లాసు అలాగే వదిలేయాలి. విస్తట్లో మెతుకు మిగల్చకుండా పెరిగిన రమణ ఖాళీ చేస్తూ పోయాడు, వాళ్లు నింపుతూ పోయారు.

"ఒరే బాబాయ్, వీళ్లు మా అత్తగారికన్నా ఘోరంరా," అన్నాడు నా చెవిలో.

మర్నాడు మధ్యాహ్నం డాలస్‌లో కాబుకీ, అంటే వాళ్ల సంప్రదాయ నాటకం. మోరిగారే టికెట్లు బుక్ చేశారు. రమణ ఒకప్పుడు భీమవరంలో అభిమాన సంఘం కార్యదర్శి అని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, మర్చిపోయాను.

కథ ముదిరింది. హీరో కాలు నేలకు తాటించి, మెడ విసురుగా తిప్పి, కన్ను మెల్ల చేసి బొమ్మలా నిలిచాడు. దాన్ని 'మియె' అంటారు. హాలంతా నిశ్శబ్దం. రమణ లేచి "కొట్టన్నా!" అని అరిచాడు.

మోరిగారు మెల్లగా ఇటు తిరిగారు. నేను మనసులో సామాన్లు సర్దేశాను. ఫ్రిజ్ ఎవరికి అమ్మాలో కూడా తేలిపోయింది.

ఇంటర్వెల్‌లో ఆయన రమణను పక్కకు పిలిచారు. సాక్షిగా నేనూ వెళ్లాను. టైమింగ్ సరిగ్గా కుదిరిందట. అక్కడ కేక వేయడం వాళ్ల ఆచారమేనట. కాకపోతే కూర్చునే, ఆ నటుడి వంశానికున్న పేరు పిలవాలి. అమెరికా వచ్చాక ఒక్క కేకా వినలేదనీ, అందరూ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటారనీ ఆయన బాధ. పేరు నేర్పారు. రెండో అంకంలో ఇద్దరూ కలిసి కేక వేశారు.

"నే చెప్పలా?" అన్నాడు రమణ. వాడేమీ చెప్పలేదు.

సోమవారం సంతకం అయింది. పని నచ్చిందని మెయిల్‌లో ఉంది. కేక ప్రస్తావన లేదు. ఆయన అభిరుచుల మీద నేను చేసుకున్న ఇరవై స్లైడ్లలోనూ లేదు. ఆ తర్వాత కొత్త క్లయింటు ఎవరొచ్చినా స్లైడ్లు మానేసి, మీ దగ్గర ఎప్పుడు అరవాలి, ఎప్పుడు ఊరుకోవాలి అని వాళ్లనే అడిగేవాణ్ణి.