ఏడవబోయిన వదినకు పాటే వచ్చింది

మా వదిన బీడీలు చుడుతూ పాడేది. ఖానాపూర్ పక్క మా ఊళ్ళో ఆ పని చేసే ఆడవాళ్ళందరూ పాడతారు గానీ, వదిన గొంతు వేరు. "దేవుడు గొంతుల తేనె వోసి నోట్ల మిరపకాయ పెట్టిండు గీమెకు" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆడబిడ్డను కదా, ఆ మాత్రం హక్కుంది నాకు.

మా అన్న, అంటే వదిన పెనిమిటి, గల్ఫ్‌లో మేస్త్రీ పనికి పోయాడు. ఈ మధ్య ఆ దేశాల మీద యుద్ధం కమ్ముకున్నప్పుడు మా ఊళ్ళో సగం ఇళ్ళలో ముద్ద దిగలేదు. టీవీ పెడితే మంటలే. అన్న మాత్రం ఫోన్లో "ఏం ఫికర్ జెయ్యకుండ్రి, మేం మంచిగనే ఉన్నం" అనేవాడు. ఆ దిగులు కడుపులో పెట్టుకోలేక వదిన ఒక పాట అల్లింది.

"పొయిల మంట జూస్తె పానం ఝల్లుమంటది, నీ దిక్కు మొగులెట్లున్నదో మామో" అని ఎత్తుకుంటుంది ఆ పాట. మొగులంటే మాకు ఆకాశం. కరీంనగర్ నుంచి జానపద పాటల ఛానల్ వాళ్ళు వచ్చి, వదినకు పట్టుచీర కట్టించి, పొలం గట్టు మీద నిలబెట్టి పాడించుకుపోయారు. ఆ నెలల్లో జగిత్యాల, సిరిసిల్ల దిక్కు నుంచి కూడా ఆడవాళ్ళు పాడిన గల్ఫ్ పాటలు చాలా వచ్చాయి. యుద్ధం వస్తే ఇటువంటి పాటలకు గిరాకీ. ఆటోల్లో, పెళ్ళి బరాతుల్లో, ఫోన్ల రింగుటోన్లలో అన్నిట్లోనూ వదినే. నిర్మల్ బస్టాండులో ఒకామె వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అన్నకైతే పట్టరాని గర్వం. "మా రూంల అందరు నీ పాటనే ఇంటుండ్రు. మొగోళ్ళు గూడ ఏడుస్తుండ్రు" అన్నాడు.

అన్న బాంబులకు చావలేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. విమానాలు తిరగక శవం అక్కడే ఉండిపోయింది.

ఫోన్ వచ్చిన రోజు వదిన నోరు తెరవబోతే మా అవ్వ గట్టిగా పట్టుకుంది. "మొకం జూడకముందు శోకం వెట్టొద్దు బిడ్డా. ఇంటికి రానియ్యి. కడుపార ఏడుద్దువు" అంది. కొడుకు పోయిన అవ్వ మాట కాదనలేక వదిన ఆ ఏడ్పును అట్లాగే దాచుకుంది. మాలో చావుకు ఊరికే ఏడవరు. రాగం తీసి, పోయినవాడిని పిలిచి, అతనితో తన బతుకంతా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఒకామె అందుకుంటే మిగతా ఆడవాళ్ళు మెడ పట్టుకుని కలుస్తారు. పెండ్లాం చేసే ఆ శోకమే మగనికి ఆఖరి మాట. ఎన్నాళ్ళకో వచ్చే ఆ ఒక్క రోజు కోసమే వదిన బతికిందనిపిస్తుంది నాకు.

వచ్చింది. విమానాలు తిరగడం మొదలయ్యాక అన్న పెట్టెలో ఇల్లు చేరాడు. మూత తీశారు. వదిన అన్న ముఖం మీద చెయ్యి పెట్టి, "నన్ను నమ్మిచ్చి వోతివి గద మామో" అని రాగం ఎత్తింది.

ఎవ్వరూ కలవలేదు. కలవాల్సిన ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటూ నిలబడ్డారు! మగవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. వెనక నుంచి ఎవడో అన్నాడు, "జర ఇటు తిరుగక్కా, మొకం వడ్తలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పీనుగు ముంగట సినిమా తీస్తున్నరారా? మీ ఇండ్లల్ల సావులు కావా?" అని అరిచాను. ఫోన్లు కొంచెం కిందికి దిగాయి, అంతే. వదిన నా వంక, వాళ్ళ వంక చూసింది. మాట మధ్యలోనే ఆపేసింది. పాడె లేచేదాకా మళ్ళీ నోరు తెరవలేదు. "గింత రాయి గుండెనా, కండ్లల్ల సుక్క నీళ్ళు లెవ్వు" అని ఆ విన్నవాళ్ళే చెవులు కొరుక్కున్నారు. ఆ ఒక్క చరణం సాయంత్రానికి ఊరూరా తిరిగింది. ఆ వీడియో కింద ఎవరో రాశారు, పాట పూర్తిగా పెట్టండి అని.

దినాలయ్యాక వదిన నన్ను అడిగింది. "ఎవ్వలు లేని కాడికి తోల్కపో పిల్లా. మీ అన్నకు ఏడ్వాలె నేను."

బండి మీద ఎక్కించుకుని కడెం దిక్కు టేకు అడవిలోకి తీసుకుపోయాను. మిట్టమధ్యాహ్నం, మనిషి అలికిడి లేదు. నేల మీద కూలబడి వదిన గొంతు ఎత్తింది. ఆపింది. మళ్ళీ ఎత్తింది. ఏ మాట మొదలుపెట్టినా అది ఆ ఛానల్ పాట బాణీలోకే పోతోంది. చక్కగా, శ్రుతి తప్పకుండా వస్తోంది. వింటున్న నాకే భయమేసింది.

రెండు చేతులతో గొంతు పట్టుకుని నా వంక చూసింది. "ఏడ్పు వస్తలేదు పిల్లా. పాటనే వస్తుంది."

ఆమె మెడ పట్టుకుని నేనే ఏడ్చాను. వదిన నా వీపు నిమురుతూ కూర్చుంది. మా అన్నకు ఆమె ఇప్పటికీ ఏడవలేదు.