మామ్మ నల్లద్దాలు, నా చదువు

రాయపూర్‌ మోవాలో ఉన్న మా ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. గదిలో కూర్చుని కూడా టోపీ ఎందుకు అని ఒకటి, నా బల్ల మీది ట్యూబ్‌లైటు ఎప్పుడు కాలిపోయింది అని ఇంకొకటి. అది కాలిపోలేదు, నేనే తీయించాను. టోపీ గురించి మాత్రం మనిషిని బట్టి చెబుతాను. నచ్చినవాళ్ళకి నిజం చెబుతాను. నచ్చనివాళ్ళకి జుట్టు ఊడిపోతోందని చెప్పి ఊరుకుంటాను.

నిజమేమిటంటే నాకు తెల్లకాగితం పడదు, కొందరికి వంకాయ పడనట్టు. ట్యూబ్‌లైటు కింద పుస్తకం తెరిస్తే ముందు కాగితం మెరుస్తుంది. ఆ మెరుపులో కాసేపటికి వరసలు కదలడం మొదలుపెడతాయి. పై వరసలో మాట కింది వరసలోకి జారిపోతుంది. చదివిన వరసే మళ్ళీ చదువుతాను. పది నిమిషాలకి కనుబొమల మధ్య నొప్పి, ఆ తర్వాత వికారం. అలాగని చూపు తక్కువేమీ కాదు. మా ఊళ్ళో టాటీబంధ్ కూడలిలో నిలబడితే దూరాన వచ్చే బస్సు మీద ఊరి పేరు అందరికంటే ముందు నేనే చదువుతాను.

ఇప్పుడు నా దగ్గర దీనికి కావలసిన సరంజామా అంతా ఉంది. పై వెలుతురు కంట పడకుండా టోపీ, లేత గోధుమరంగు అద్దాల కళ్ళజోడు, ఒక్క వరసే కనపడేలా మధ్యలో సన్నగా కోసిన నల్ల అట్టముక్క, తెర నల్లగా ఉండేలా మార్చుకున్న ఫోను. ఆఫీసు కాగితాలు బాదం రంగు కాగితం మీద అచ్చు తీయించుకుంటాను. మా పై అధికారి మొదట్లో సణిగాడు గానీ, నా పనిలో తప్పులు తగ్గాక ఆ కాగితం ఆయనే తెప్పిస్తున్నాడు. నాలుగేళ్ళ కిందట ఒక కళ్ళ డాక్టరమ్మ నా గోడంతా ఓపిగ్గా విన్నది. లోపం కంట్లో లేదనీ, కన్ను చూసినదాన్ని లోపల అందుకునే చోట తేడా ఉందనీ, రంగు అద్దాలు అందరికీ పనిచేయవు గానీ నాకు పనిచేస్తున్నాయి కాబట్టి మానొద్దనీ చెప్పింది. ఆవిడంటే నాకు గౌరవమే. కానీ ఆవిడ కంటే చాలా ముందే ఈ సంగతి కనిపెట్టింది మా మామ్మ. మామ్మ చదువు మూడో తరగతితో ఆగిపోయింది.

మామ్మ అంటే మా నాన్న తల్లి. నాన్న కుర్రతనంలోనే విజయనగరం నుంచి రాయపూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. అమ్మ పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం హిందీ ఒక్కటే వచ్చు. నా బడి కూడా హిందీ మీడియమే. ఇంట్లో నికార్సైన తెలుగు మనిషి మామ్మ ఒక్కతే. ఇరవై ఏళ్ళు రాయపూర్‌లో ఉండి కూడా కూరగాయల బండివాడితో తెలుగులోనే బేరమాడేది, వాడు ఛత్తీస్‌గఢీలో జవాబిచ్చేవాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆవిడే, నల్లటి పలక మీద, సుద్దముక్కతో. ఒక్క వేసవి సెలవుల్లో గుణింతాలతో సహా వచ్చేశాయి. మామ్మ మురిసిపోయి నాకొక ఉద్యోగం ఇచ్చింది. మా రైల్వే క్వార్టర్ల వరసలో ఆరు తెలుగు ఇళ్ళు ఉండేవి. విజయనగరం నుంచి తెలుగు వారపత్రికలు రైలుబండిలో గార్డుల చేతులు మారుతూ, మూడు నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చేవి. ముందు పక్క క్వార్టరులో గార్డుగారింట్లో మూడు రోజులు, తర్వాత మా ఇంట్లో మూడు రోజులు, అలా ఆరో ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయేది. మామ్మ రెండు కళ్ళలోనూ శుక్లాలు. నాన్న డ్యూటీ నుంచి అలిసిపోయి వస్తాడు. కాబట్టి సాయంత్రం లైట్లు వేశాక సీరియల్ చదివి వినిపించడం నా పని.

చదవలేకపోయేదాన్ని. రెండు పేరాలు చదివేసరికి చెమటలు పట్టేవి. బళ్ళోనూ అంతే. హిందీ పాఠం చదవమని నిలబెడితే అక్షరాల నెత్తి మీది గీత ఒక్కటే కనపడేది, దాని కింద మిగతావన్నీ ఊగుతూ ఉండేవి. టీచరమ్మ అమ్మని పిలిపించి, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, ఇక పిల్లకి హిందీ ఎలా వస్తుంది అంది. ఇంట్లో నేను వారపత్రిక తడుముకుంటూ చదువుతుంటే, పొద్దస్తమానం హిందీ బళ్ళో ఉంటే తెలుగు ఎలా వస్తుంది అని నాన్న అనేవాడు. బడివాళ్ళు తెలుగుని తిట్టారు, ఇంట్లోవాళ్ళు హిందీని తిట్టారు. ఆ రెండు భాషలూ పాపం ఏ తప్పూ చేయలేదు. ఒకే భాష ఉన్న ఇంట్లో పుట్టి ఉంటే ఎవరో ఒకరు ఇంకాస్త ఆలోచించేవారేమోనని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఒకసారి కళ్ళు పరీక్ష చేయించారు గానీ గోడ మీది బోర్డు చివరి వరస దాకా గడగడా చదివేశాను. దాంతో నాది బద్ధకమని ఖాయమైపోయింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం అయిన నాలుగైదేళ్ళకి ఎనిమిదో తరగతి పరీక్ష తప్పాను. నాన్న కోప్పడలేదు, అందుకే ఇంకా భయం వేసింది. రెండు రోజులు ఆలోచించి, రెండు భాషల మధ్య పిల్ల నలిగిపోతోందని తేల్చాడు. జూన్‌లో విజయనగరం తీసుకెళ్ళి మా మేనత్త ఇంట్లో ఉంచి, తెలుగు మీడియంలో చేరుస్తానన్నాడు. టికెట్లు కూడా తీశాడు. మేనత్త మంచిదే. కానీ అక్కడి పుస్తకాల్లో కూడా అక్షరాలు ఇలాగే ఊగుతాయని నాకు తెలుసు. అక్కడా తప్పుతాను, అప్పుడు తిట్టడానికి ఇంకో భాష కూడా మిగలదు. మామ్మ లేని ఇంట్లో, ఊరుకాని ఊళ్ళో అలా తప్పడం తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఆ వేసవిలోనే మామ్మ రెండో కంటికి కూడా ఆపరేషను అయింది. పెద్ద నల్లద్దాలు ఇచ్చారు, పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసి ఉన్నవి. నెలన్నర దాకా చదవకూడదు, వంగి పని చేయకూడదు, ఏడవకూడదు అన్నారు. మొదటి రెండూ పాటించింది. మూడోది నా మూలంగా కుదరలేదు.

అప్పుడు వస్తున్న సీరియల్ రాజమండ్రిలో కుట్టుపని నేర్పే ఒక అమ్మాయి కథ. మామ్మకి ఆ అమ్మాయంటే ప్రాణం. నేను నాలుగు వరసలు చదివేసరికి ట్యూబ్‌లైటు వెలుగులో పేజీ భగ్గుమనేది. ఇంకొన్నాళ్ళే కదా ఇక్కడ ఉండేది, ఆ కొన్నాళ్ళైనా మామ్మ దగ్గర మాట పడకూడదనుకున్నాను. అందుకని ఐదో వరస నుంచి పేజీలు తిప్పుతూ నేనే కథ అల్లేయడం మొదలుపెట్టాను. అలా మూడు వారాలు గడిచాయి. నా కథలో ఆ అమ్మాయి వదినతో గొడవపడి ఇల్లు వదిలింది, టాటీబంధ్‌లో రోడ్డు దాటుతూ లారీ కింద పడి చచ్చిపోయింది. నాకు తెలిసిన ప్రమాదాలన్నీ టాటీబంధ్‌లోనే జరిగేవి మరి. మామ్మ నల్లద్దాల కిందనుంచి కన్నీళ్ళు కారాయి. ఎనిమిదో తరగతి తప్పినదాన్ని, ఒక మనిషిని ఏడిపించగలిగానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మర్నాడు గార్డుగారి భార్య మామ్మని చూడటానికి వచ్చింది. మేమంతా ఆవిడని పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. పత్రిక వాళ్ళింట్లో ముందు చదువుతారు కదా. మాటల మధ్య, ఆ కుట్టుపని పిల్లకి మంచి సంబంధం కుదిరింది, పెళ్ళి ఎప్పుడో వచ్చే వారం తెలుస్తుందంది. చచ్చిపోయిన పిల్లకి పెళ్ళేమిటని మామ్మ అడిగింది. ఎవరు చచ్చారని పెద్దమ్మ తిరిగి అడిగింది. ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. ఆపరేషను అయితే కళ్ళకే గానీ తలకి కాదు కదా అని పెద్దమ్మ అనేసరికి మామ్మ చప్పున ఊరుకుంది. నేను వంటింట్లో నీళ్ళ కుండ వెనక నిలబడి ఉన్నాను.

పెద్దమ్మ వెళ్ళాక మామ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“రాజమండ్రిలో టాటీబంధ్ ఎక్కడున్నాదే గుంటా?”

ఏడుపు ముంచుకొచ్చింది. చదవలేకపోతున్నానని, ఎంత చూసినా అక్షరాలు కదిలిపోతాయని చెప్పాను. తిడుతుందనుకున్నాను. మామ్మ ముందు నవ్వింది. బంగారంలాంటి పిల్లని అన్యాయంగా లారీ కింద తోసేశానంది. నవ్వు ఆగాక నెమ్మదిగా, “పలక మీద కదల్లేదు కదే మరి” అంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి, ఈసారి పెట్టింది మామ్మ. పలక మీద సుద్దతో రాసింది చదవమంది, చదివాను. మిట్టమధ్యాహ్నం వరండాలో కూర్చోబెట్టి పత్రిక ఇచ్చింది, రెండో వరసలోనే ఆగిపోయాను. కూలరు పెట్టి కిటికీ మూసేసిన గదిలోకి తీసుకెళ్ళింది. రాయపూర్ ఎండలకి ఆ గది మధ్యాహ్నం కూడా మసకగా ఉంటుంది. అక్కడ ఒకటిన్నర పేజీ ఆగకుండా చదివాను. మామ్మ స్విచ్చి దగ్గర నిలబడి లైటు వేసింది, తడబడ్డాను. తీసేసింది, చదివాను. అలా పదిసార్లు వేసి తీసింది. అమ్మ వచ్చి, లైటు పాడవుతుందని హిందీలో గొణిగి వెళ్ళింది. ఆఖరికి లైటు వేసి, తన నల్లద్దాలు తీసి నా మొహానికి పెట్టి, తన కళ్ళు పైటకొంగుతో మూసుకుంది.

అక్షరాలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ అద్దాలు నా ముక్కు మీద నిలవక జారిపోతుంటే చేత్తో పట్టుకుని, ఆ వారం సీరియల్ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాను. నిజం కథ నా కథ కంటే చప్పగా ఉంది. అయినా మామ్మ కొంగు తీయకుండా అంతా విన్నది. ఆ రోజు నుంచి రోజూ ఒక గంట అద్దాలు నావి, ఆ గంటసేపు ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చునేది. నన్ను అంత ప్రేమగా చూసుకున్నవాళ్ళు ఆవిడ తర్వాత మళ్ళీ లేరు.

ఆదివారం మా విజయనగరం ప్రయాణం. శనివారం నాన్న డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుంటే మామ్మ నా చేత అద్దాలు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివించింది. నాన్న విన్నాడు గానీ నమ్మలేదు. నల్లద్దాలతో చదువొస్తే బజారులో గాగుల్స్ పెట్టుకున్న ప్రతివాడూ కలెక్టరు అయ్యేవాడన్నాడు. పిల్లని పంపడం ఇష్టం లేక నాటకం ఆడుతున్నావా అని మామ్మని అడిగాడు. అక్షరాలు కదులుతాయట, దాన్నే అడగమని మామ్మ అంది.

నాన్న గ్లాసు కింద పెట్టి నా ముందుకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“కదలక ముందు కాగితం మెరుస్తాదా?”

ఆ మెరుపు గురించి నేను మామ్మకి కూడా చెప్పలేదు. మెరుస్తుందన్నాను. నాన్న వేలితో తన కనుబొమల మధ్య చూపించి, ఇక్కడేనా నొప్పి అని అడిగాడు. అవునని తలూపాను. ఆయన లేచి, జేబులోంచి టికెట్లు తీసి అమ్మకి ఇచ్చి, పొద్దున్నే క్యాన్సిల్ చేయించి వస్తానన్నాడు. పిల్ల ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్నాడు. నాకు కలిగిన సంతోషంలో ఇంకేమీ పట్టలేదు. మామ్మకి పట్టింది.

నాన్న చిన్నప్పుడు చదవమంటే పుస్తకాలు చెరువులో పడేసి పారిపోయేవాడని, మామ్మ వేపబెత్తంతో వెంటపడేదని, తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి మేనమామతో రాయపూర్ పంపేసిందని మా ఇంట్లో అందరం నవ్వుతూ చెప్పుకునేవాళ్ళం. నాన్న కూడా నవ్వేవాడు.

మామ్మ నాన్న వైపు తిరిగింది.

“నీకూ అలగే ఉండేదేటిరా? మరి నాకెందుకు సెప్పలేదు?”

నాన్న వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. “ఏటని సెప్తానమ్మా. అందరికీ అలగే ఉంటాదనుకున్నాను. అందరూ ఓర్చుకుని సదువుతన్నారు, నానొక్కడినే ఓర్చుకోలేకపోతన్నాననుకున్నాను.”

మామ్మ వంగి నాన్న వీపు మీద చెయ్యి వేసి, దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయో గుర్తున్నట్టు అక్కడక్కడా ఆగుతూ నిమిరింది.