సుబ్బులు సంబంధం

అమెరికాలో, రెడ్‌మండ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో తోటివాళ్ళంతా కార్లు కొనుక్కుంటుంటే నేను పామును కొనుక్కున్నాను. చదువైపోయి ఇండియా వెళ్ళిపోతున్న ఒక స్టూడెంట్ అమ్మేసిన కార్పెట్ పైతాన్ అది, పసుపు నలుపు చారలున్న ఆస్ట్రేలియా కొండచిలువ. సుబ్బులు అని పేరు పెట్టాను. దానికి పిల్లలు పుడితే చూడాలని నాకు మహా కోరిక. (నా పెళ్ళి ఊసెత్తితే మాత్రం కోపం వచ్చేది.) మగ పైతాన్ ఉన్న ఒకావిడ టకోమాలో దొరికింది గానీ, "దీని అమ్మానాన్నలు ఎవరు? కోస్టల్ రకమా, జంగిల్ రకమా? తెలియకుండా జత కలపను" అనేసింది. ఫోటోలు పంపితే, చూసి చెప్పలేనంది.

అప్పుడు నా దగ్గరే ఉన్న అమ్మ ఆ గది గుమ్మం దాటేది కాదు, బయట నుంచే సుబ్బులుకి దండం పెట్టేది. ఈ మాట వినగానే పౌరుషం వచ్చింది. "మన పిల్లకి ఏం తక్కువరా? ఆ ఫోన్ ఇటివ్వు" అంది. చుట్టాల్లో ఎన్ని పెళ్ళిళ్ళకి ఆరా తీసిందో! ఫోన్‌లోనే ఆ స్టూడెంట్ నుంచి అతను పామును కొన్న షాపుకీ, షాపు నుంచి ఆరెగాన్‌లో పాములు పెంచే ముసలాయనకీ వెళ్ళింది. అసలు సంగతి ముందు అడగదు. ఆయన మోకాళ్ళ నొప్పులు, అక్కడి వానలు, ఆ తర్వాత "హౌ ఈజ్ యువర్ డాటర్ ఇన్ లా?" కోడలి మీద కోపమంతా వెళ్ళగక్కాక ఆయనే అన్నీ చెప్పేశాడు. తల్లీ తండ్రీ అచ్చమైన జంగిల్ రకం. ఆ తండ్రికే పుట్టిన మగ పాముపిల్లను టకోమాలో ఒకావిడకి అమ్మాడట.

ఈ సంగతి చెప్పగానే టకోమా ఆవిడ ఎగిరి గంతేసింది. "సగం తోబుట్టువులైతే ఏం, పాముల్లో మామూలే. శనివారం తీసుకురండి" అంది. శనివారం సుబ్బులుని పెట్టెలో పెట్టి బయల్దేరబోతుంటే, ఎన్నడూ గుమ్మం దాటని అమ్మ గదిలోకొచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిట్రా, బుద్ధుందా?"

"అమ్మా, అవి పాములే!"

"అయితే? మనింటి పిల్లేగా."

పెట్టె దించేశాను. చాలా బాధపడ్డాను కూడా. అదే ఊపులో అమ్మ నాకూ సంబంధం చూసింది, నేను బుద్ధిగా చేసేసుకున్నాను. సుబ్బులు ఇంకా మా ఇంట్లోనే, ఒంటరిగానే ఉంది. మొన్న మా అమ్మాయి, "డాడీ, సుబ్బులుకి బేబీస్ ఎందుకు లేవు?" అని అడిగింది. "నానమ్మ ఒప్పుకోలేదు" అన్నాను. పాము పిల్లల కోసం అంత ఆత్రపడి ఒక్క మాటకి చల్లబడిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతుంది: "దానికేమైనా సంబంధాలు వస్తున్నాయా?"